గేటు కాడ కొలత

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఆత్మకూర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మా కాలేజీ మగపిల్లలు కొందరు, అక్కడే చదివే ఒకమ్మాయిని బస్టాండులో ఫోటో తీసి, కింద వెకిలి మాటలు రాసి ఫోన్లలో తిప్పారు. కాలేజీ నడిపే కరస్పాండెంటు వాళ్లను తన గదిలోకి పిలిచి మందలించి వదిలేశాడు. నోటీసు మాత్రం ఆడపిల్లలకు వచ్చింది. టాపు మోకాలు దాటాలి, చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులుండాలి. పొద్దున గేటు దగ్గర నిలబడి చూసే పని ఆడ లెక్చరర్లది.

లెక్కలు చెప్పే మేడమ్ ఒప్పుకోలేదు. నాకంటే పదేళ్లు పెద్ద. మేమంతా ఆమెను ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాళ్లం. రోజూ బురఖాలో వచ్చి, స్టాఫ్ రూములో దాన్ని మడిచి కుర్చీ మీద వేసేది.

"మీరే గిట్లంటె ఎట్ల మేడమ్? పద్ధతంటె మీకు తెల్వదా?" అన్నాడు కరస్పాండెంటు.

"నేను ఏసుకునుడు నాకూ అల్లాకూ నడుమ సంగతి సార్. ఇంకొకల్ల బిడ్డకు కొలత వెట్టుమని మా దీన్‌ల, మా మతంల, లేదు. చూపు దించుకొమ్మని ముందుగాల మొగోళ్లకే చెప్పింది. ఆ పోరగాండ్లకు చెప్పిండ్రా?"

మా అమ్మ, మామగారు కనబడితే కొంగు నెత్తి మీదికి లాక్కునేది, దీపం పెట్టేటప్పుడూ లాక్కునేది. అది భక్తో భయమో నేనెప్పుడూ అడగలేదు. ఆపా కాదన్న గేటు పని నాకు వచ్చింది.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒకమ్మాయి దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. క్లాసులో మొదటి బెంచీ. ఒకరోజు ఆమె టాపు మోకాలికి పైన ఉంది. నిలబెట్టాను.

"పోయినేడు కుట్టించింది మేడమ్. నేనే పొడుగైన," అని నవ్వింది.

"ఇంకో జత లేదా?"

"ఉతికిన. ఆరలే."

అంతటితో పోనివ్వొచ్చు. కానీ కరస్పాండెంటు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. "ఇంటికి పోయి సరైన బట్టలేసుకుని రా," అన్నాను గట్టిగా. గోడ పక్కన మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. మధ్యాహ్నం బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన పుస్తకాల సంచీ కాళ్లకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

మర్నాడు వాళ్ల బాపు వచ్చాడు. కోపంగా లేడు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"బట్టలు సక్కగ లెవ్వని గేటు కాడ నిలవెట్టిండ్రట. ఊరంత తెల్సింది. టీసీ ఇయ్యుండ్రి."

"చిన్న సంగతే. బిడ్డ బాగా చదువుతది, మాన్పించకండి," అన్నాను.

"చిన్న సంగతైతె ఎందుకు ఎల్లగొట్టిండ్రు మేడమ్?"

టీసీ తీసుకుని పోయాడు.

రెండు నెలల తర్వాత ఆపా నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు పోయింది. అమ్మాయి చేన్లో పత్తి ఏరుతోంది. తండ్రి నిండు చేతుల చొక్కా పైన తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుంది.

"పరీక్ష ఫీజుకు ఇంకా టైముంది. నేను మాట్లాడుతా, రా," అన్నాను.

చేతిలోని పత్తి ఒడిలో వేసుకుని, నా వైపు తిరిగి నిలబడింది.

"ఇప్పుడు సరిపోయిందా మేడమ్?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగినట్టు అడిగింది. నేను తల దించుకున్నాను. గట్టు మీద నుంచి వాళ్లమ్మ, సంబంధం ఖాయమైందని, మాఘంలో పెండ్లని చెప్పింది. చెప్పి మాకు మంచినీళ్లు ఇచ్చింది. ఆపా తాగింది. నేను గ్లాసు గట్టు మీద పెట్టేశాను.

తిరుగు బస్సులో ఆపా వేరే సీట్లో కూర్చుంది. మరుసటి ఏడాది ఆమెను ఉద్యోగానికి రావద్దన్నారు. నన్ను మాత్రం స్టాఫ్ మీటింగులో పద్ధతి గల మేడమ్ అని మెచ్చుకున్నారు.

ఆ గేటు దగ్గర ఇంకో మూడేళ్లు నిలబడ్డాను. ఆ తర్వాత కూడా పిల్లలను వెనక్కి పంపాను. ఉద్యోగం కోసమేనని అందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. రెండో పిల్లను లోపలికి పోనిస్తే, మొదటి పిల్లను ఎందుకు పోనివ్వలేదో నాకు నేను చెప్పుకోవలసి వచ్చేది.