బోల్టు మీద ఎర్రగీత

మొన్న పేపరు చదువుతుంటే లోపలి పేజీలో ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. ఏదో దేశంలో ఒక కంపెనీ హెలికాప్టర్లను విడిభాగాలుగా పెట్టెల్లో పంపుతుందట, సరదా ఉన్నవాళ్ళు ఇంట్లోనే బిగించుకుని ఎగరవచ్చట. మనవరాలు నమ్మలేదు. కువైట్‌లో అలాంటిదాన్ని ఏడాది పాటు నేనూ బిగించానంటే అసలే నమ్మలేదు.

నేను పనిమనిషిగా ఉన్న ఇంట్లో యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలవాలి. బాబాకు చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం. షెడ్డులోని కార్లను ఎండలోకి తోసి, ఆ పెట్టెలను లోపల పెట్టించాడు. మామా రోజూ సణిగేది: "కారెక్కితేనే దారి తప్పుతాడు. ఈయన గాల్లో ఎక్కడికి పోతాడే?" బోల్టులు సైజు వారీగా ఏరడంతో మొదలైన నా పని చివరికి పానా పట్టేదాకా వచ్చింది. బోల్టు బిగించాక, దాని మీది నుంచి పక్కనున్న రేకు మీదికి ఎర్రరంగుతో గీత గీయాలి. బోల్టు కాస్త కదిలినా గీత విరిగి కనబడుతుంది. ముగ్గులు వేసిన చెయ్యి కదా, గీత నాకు వెంట్రుకంత సన్నగా వచ్చేది. పనిని రెండో మనిషి సరిచూడాలని కంపెనీ పుస్తకంలో ఉందట. అందుకని సాయంత్రం, ఆ రోజు పని రాసిన కాగితం మీద బాబా నా వేలిముద్ర వేయించేవాడు. "రెండు సీట్లున్నాయి. మామాకు భయం. మొదటిసారి నువ్వే ఎక్కాలి" అనేవాడు. ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఇంజను రాకముందే ఇరాక్ సైన్యం వచ్చింది. మా వీధి చివర ట్యాంకు నిలబడింది. బాబా, మామా సౌదీకి పోవాలని గుసగుసలాడుకోవడం విని, "నన్నూ తీసుకుపోతారా బాబా? నా పాస్‌పోర్టు మీ బీరువాలోనే ఉంది" అని అడిగాను. "నిన్ను వదిలి పోతామా?" అన్నాడు. ఆ సాయంత్రమే ఒక కాగితం తెచ్చాడు. పది రోజులుగా షెడ్డు తలుపే తీయలేదు, మరి ఈ కాగితమేమిటని ఒక్క క్షణం అనిపించింది. అయినా అలవాటైన వేలు ముందుకు పోయింది.

తెల్లారేసరికి జీపు లేదు, వాళ్ళూ లేరు. బీరువా తెరిచి ఉంది, ఖాళీగా. వంటగదిలో ఆ కాగితం నకలు, ఒక బియ్యం బస్తా. ఫర్వానియాలో ఉండే మా ఇంటి డ్రైవరు, రాయచోటి సాయిబు, నన్ను చూసిపోదామని వచ్చి దాన్ని చదివాడు.

"అక్కా, నీ పాస్‌పోర్టు నీ చేతికిచ్చేసినారంట. నీ ఇష్టంతోనే ఇల్లూ మిషనూ కాపలా కాస్తా ఉండిపోతాండావంట."

"నేనెప్పుడంటి భాయ్?"

"వేలు నీదే గదక్కా! యల్లా, మూట కట్టు. అమ్మాన్‌కు బస్సు దొరికింది. ఈడుంటే ఖలాస్."

మూట కట్టి షెడ్డులోకి వెళ్ళాను. పైరెక్కల కింది బోల్టుకు పానా పట్టించాను. నాలుగు వదులు చేసి మళ్ళీ గీతలు గీస్తే ఎవరికీ తెలియదు. బాబా నా గీతను చూసే ఎక్కుతాడు. చెయ్యి ఆడలేదు. పానా కింద పెట్టి, గుడ్డను కిరోసిన్‌లో ముంచి గీతలన్నీ తుడిచేశాను. ఇక ఒక్కో బోల్టూ ఆయనే చూసుకోవాలి. "హెలికాప్టర్‌కు స్నానం చేయిస్తాండావా అక్కా! బస్సు పోతాది!" అని బయటి నుంచి డ్రైవరు అరుస్తూనే ఉన్నాడు.

అమ్మాన్‌లో మన ఎంబసీవాళ్ళు ఇచ్చిన కాగితంతో విమానం ఎక్కాను. చదివి వినిపించేదాకా వేలిముద్ర వేయనంటే వెనక వరుసలోవాళ్ళు తిట్టారు. యుద్ధం ముగిశాక మళ్ళీ కువైట్ పోక తప్పలేదు. ఫహాహీల్‌లో ఒక ముసలామె దగ్గర పదకొండేళ్ళు చేశాను. వెళ్ళిన రోజే నా పాస్‌పోర్టు నా చేతికిచ్చింది. 'బింతీ' అని, అంటే కూతురా అని, పిలిచేది. పిలిచినప్పుడల్లా దీని వెనక ఏముందోనని వెతికాను, ఒక్కసారైనా మనసారా పలకలేదు. వెనక ఏమీ లేదని తెలిసేసరికి ఆమె లేదు. బాబా నా దగ్గర తీసుకున్నది ఆ సాయంత్రపు వేలిముద్ర ఒక్కటే అనుకున్నాను. ఈ పదకొండేళ్ళు కూడా తీసుకుపోయాడని తెలియడానికి ఇంతకాలం పట్టింది.