ఎంగిలి అన్నది నేనే

మా వియ్యపురాలు పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే చెప్పుల కోసం వంగి, అలాగే మంచం మీదికి ఒరిగిపోయిందట. నేను అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అల్లుడు ఫోన్ పెట్టేసి, బూట్లు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నాడు. మాకు అలా తెలిసింది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. పోయినావిడ మంచిదని చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఆవిడకు నేనేం చేశానో చెప్పడానికి నేను ఒక్కదాన్నే ఉన్నాను.

"ఇదంతా పత్రికలో ఎందుకమ్మా?" అంది మా అమ్మాయి.

"రాయవే. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే ఒప్పుకోవాలి."

మా అల్లుడు చైనా వాళ్లబ్బాయి. వాళ్లమ్మ ఇదే ఊళ్లో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉండేది. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క మనవరాలు. వరసకు ఆమె నాకు వదిన. ఒక్కనాడూ అలా పిలవలేదు.

ప్రతి ఆదివారం ఆమె మనవరాలిని డిమ్ సమ్‌కి, అంటే వాళ్ల ఫలహారాల హోటలుకి, తీసుకెళ్లేది. పెద్ద హాల్లో గుండ్రటి బల్లలుంటాయి. ఆడవాళ్లు బళ్లు తోసుకుంటూ వస్తారు. బళ్ల మీద వెదురు బుట్టలు, మూత తీస్తే పొగలు, లోపల మన కుడుముల్లాంటివి. బల్ల మధ్యలో తిరిగే అద్దం పళ్లెం. అందరి కప్పులూ నిండాకే ఆమె తన కప్పులో టీ పోసుకునేది. కెటిల్‌లో నీళ్లు అయిపోతే మూత వారగా పెట్టి ఊరుకునేది, అది చూసి వాళ్లే వచ్చి నింపేవాళ్లు. ఎవరినీ కేకేసే మనిషి కాదు. కేకలన్నీ నావే.

నేను మొదటిసారి వచ్చేసరికి పిల్లకు నాలుగేళ్లు. కార్ల కంపెనీల్లో, మా అల్లుడు చేసే దాంట్లో కూడా, ఉద్యోగాలు ఊడుతున్న ఏడాది. కొడుకు దిగులు కాస్త తగ్గుతుందని ఆమె మా అందరినీ అక్కడికి తీసుకెళ్లింది. వాళ్లు చేత్తో కాదు, రెండు పుల్లలతో పట్టుకుని తింటారు. తన పుల్లలతో తను ఒక ముక్క తింది. అవే పుల్లలతో రొయ్యల కుడుము తీసి పిల్ల గిన్నెలో పెట్టింది. పిల్ల నోట్లో వేసుకుంది.

నా పెదవి తగిలిన గ్లాసు నేను నా మొగుడికి కూడా ఇచ్చినదాన్ని కాదు. పిల్ల గడ్డం కింద చెయ్యి పట్టాను.

"ఉమ్మెయ్యి. ఎంగిలి."

ఉమ్మేసింది. గిన్నెలో మిగిలింది కూడా ఖాళీ బుట్టలోకి వంచేశాను.

"అమ్మా, ఊరుకో. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. వాళ్లు పెంచుతారా నా మనవరాలిని?"

అల్లుడు ఏదో చెప్పబోతే ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది. తర్వాత కెటిల్ తీసుకుని ముందు నాకే టీ పోసింది.

ఇంటికొచ్చి పిల్లకు బాగా నేర్పాను. పై ఆదివారం నాయనమ్మ పుల్లలు చాపగానే అది రెండు చేతులతో గిన్నె మూసేసింది.

"నో నైనై. ఎంగిలి."

నైనై అంటే వాళ్ల భాషలో నాయనమ్మ. నేను నవ్వాను. "చూశారా, నాలుగేళ్లకే ఎంత తెలివో" అని బల్లంతా వినేలా అన్నాను. అన్నది నేను. నవ్వింది నేను.

ఆ తర్వాత ఆమె పిల్ల గిన్నెలో ఏమీ పెట్టలేదు. ఒక వేలితో అద్దం పళ్లెం తిప్పేది. పిల్లకు ఇష్టమైన బుట్ట సరిగ్గా పిల్ల ముందు ఆగేది. ఐదేళ్లు అలాగే. మరోసారి వచ్చినప్పుడు నాకు జ్వరం వస్తే ఆమె గంజి కాచి తెచ్చింది. పక్కన ప్లాస్టిక్ చెంచా, కవరు చింపనిది. ఆమెకు బుద్ధి వచ్చిందనుకున్నాను.

అంత్యక్రియల మర్నాడు ఆమె వంటింటి సామాను సర్దుతున్నాం. పుల్లలు రెండువైపులా అరిగి ఉన్నాయి.

"రెండువైపులా ఎలా అరిగాయి?" అన్నాను.

తొమ్మిదేళ్ల మనవరాలు నా చేతిలోంచి తీసుకుని చూపించింది. "అమ్మమ్మా, ఇటు సైడ్‌తో తినేది. ఎవరికైనా పెట్టాలంటే ఫ్లిప్ చేసి అటు సైడ్‌తో పెట్టేది. ఆల్వేస్."

"మొదటినుంచీనా?"

దానికి తెలియదు. అల్లుడి వైపు చూశాను. అతను ఇంగ్లీషులో చెప్పాడు, మా అమ్మాయి తెలుగులో చెప్పింది. వాళ్లింట్లో ఎప్పుడూ అదే పద్ధతట. ఆ రోజు చెప్పబోతే వాళ్లమ్మే ఆపిందట. "తింటున్న మనిషిని తప్పు పట్టకూడదు, మెతుకు గొంతుకు అడ్డం పడుతుంది" అందట.

పెద్దావిడ తెలియక చేసింది అని నా గురించి ఎవరూ అనొద్దు. ఆ రోజు ఆమె చెయ్యి నా కళ్లముందే పుల్లలు తిప్పింది. నేను చూడదలచుకోలేదు. ఒక నాయనమ్మ చేతిని మనవరాలి గిన్నెకు ఐదేళ్లు దూరం చేశాను. వదినా అని ఇప్పుడు పిలుస్తున్నాను. ఎవరు పలుకుతారు?

నిన్న ఆదివారం అందరం అదే చోటికి వెళ్లాం. కెటిల్ మూత నేనే వారగా పెట్టాను. పుల్లలు పట్టడం నాకు రాదు. అయినా పట్టి, తిప్పి, వెనకవైపుతో రొయ్యల కుడుము ఎత్తాను. రెండుసార్లు జారింది. మూడోసారి పిల్ల గిన్నె దాకా తెచ్చాను.

అది తండ్రితో ఏదో మాట్లాడుతోంది. ఇటు చూడనైనా చూడలేదు. దాని రెండు చేతులూ వాటంతటవే వచ్చి గిన్నెను మూసేశాయి.