తుప్పు మీద నెపం

మా ఆయనకు మెకానిక్కుల మీద నమ్మకం లేదు. మారేడ్‌పల్లిలో మా ఇంటికి నాలుగడుగుల్లోనే షెడ్డు ఉన్నా సరే, కారు ముందు చక్రాల దగ్గర ఏది అరిగినా రాణిగంజ్ వెళ్లి కొత్తది కొనుక్కొచ్చి, శనివారం పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరుచుకుని తనే మార్చేవారు. ఆదివారం ఆరాధనకు ఆ కారులోనే వెళ్లాలి కనుక సాయంత్రానికల్లా చక్రాలు బిగించి తీరాలి. నేను బళ్లో పిల్లల్ని అదిలించి అదిలించి అలిసిపోయి వచ్చి, శనివారాలు ఈయన్ని అదిలించేదాన్ని. పిల్లలే నయం. మాది గుంటూరు వైపు, ఆయన పుట్టి పెరిగింది సికింద్రాబాదులోనే. అప్పటికింకా రాష్ట్రం ఒక్కటే కనుక మా యాసల పోట్లాట ఇంటి గేటు దాటేది కాదు.

ఈ రిపేర్లలో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి గుండ్రటి కీలు ఒకటి ఉంటుంది, బాల్ జాయింట్ అంటారు. దాని కాడ ఇనప దిమ్మలో బిగుసుకుపోయి ఉంటుంది. నట్టు తీసినంత మాత్రాన రాదు. కాడ మీదే కొడితే మరలు చితికిపోతాయి. అందుకని ఈయన నట్టును చివరి మరల మీద వదిలేసేవారు. కాడ చుట్టూ ఉన్న ఇనుముకు ఒక పక్క నేను బరువైన సుత్తి ఆనించి పట్టుకోవాలి, ఎదురు పక్క ఆయన ఇంకో సుత్తితో కొట్టాలి. ఆ అదురుకు కీలు ఠక్కుమని పట్టు వదిలేది. "స్తోత్రం!" అని ఆయన అరిచిన అరుపుకు దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. "ఇదే గొంతు చర్చిలో లేపితే పాస్టరుగారు సంతోషిస్తారు కదండీ" అనేదాన్ని. ఆయన సుత్తి నా వేళ్లకు బెత్తెడు దూరంలో పడేది. గురి తప్పుతుందేమోనన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు.

తర్వాత ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. టీ తాగి కప్పు పెడుతుంటే సాసరు టకటకలాడేది. డాక్టరు ఇది నరాల జబ్బని చెప్పి, మందులు రాసి, కారు నడపడం మానేయమన్నారు. ఇల్లు చేరగానే ఈయన మందుల చీటీ బల్ల మీద పడేశారు.

"ఆయనకేం ఎర్క? శనివారం బాల్ జాయింట్ మారుస్త. నా చేత్తోని ఊడిందంటే నాకేం లేనట్టే. ఊడకుంటే తాళాలు నీకిచ్చేస్త, మళ్ల ముట్ట," అన్నారు.

ఎంత పిచ్చి పందెం! నాకు ఒళ్లు మండింది. కానీ లోపల నేనూ దాన్నే పట్టుకుని వేలాడాను. ప్రభువా, ఆ కీలు ఊడాలి అని ప్రార్థన కూడా చేశాను.

శనివారం చక్రం తీసి, కారును చెక్కదిమ్మల మీద నిలబెట్టారు. నట్టు వదులు చేసేసరికే ఎండ నెత్తికెక్కింది. "ఏందీ గిది, మొత్తం తుప్పే," అని కిరసనాయిలు పోశారు. నేను ఎప్పటిలాగే సుత్తి ఆనించాను. మొదటి దెబ్బ ఇనుము అంచున తగిలి జారిపోయింది. తర్వాతది నా సుత్తి పిడి మీద, బొటనవేలి పక్కనే పడింది. నా చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది. నేను అలా చేయి తీయడం ఆయన ఎప్పుడూ చూసి ఉండలేదు. ఇప్పుడు చూశారు.

"తుప్పుకు కదుల్తలేదు," అన్నారు నా వైపు చూడకుండా.

"అవునండీ, ఒకటే తుప్పు," అన్నాను. నాకు కనిపించింది ఏ కాస్తో. అయినా సాక్ష్యం చెప్పినంత గట్టిగా చెప్పాను.

నన్ను పక్కకు జరగమని తనొక్కరే కొట్టారు. దెబ్బలు ఎక్కడెక్కడో పడ్డాయి. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చివరికి గోనెసంచి మీద కూలబడి, సుత్తి నా వైపు చాపారు.

"నువ్వు కొట్టు. నేను పట్టుకుంట. తుప్పే అయితే నీకు సుత ఊడదు గదా."

"నావల్ల ఎక్కడవుతుందండీ? మోండా మార్కెట్ నుంచి కూరల సంచీ మోసుకొస్తేనే రెండ్రోజులు చేయి పీకుతుంది."

ఆయన చాపిన సుత్తి వెనక్కి తీసుకోలేదు, నేనే అందుకున్నాను.

ఎప్పుడూ నేను ఆనించే బరువైన సుత్తిని ఈసారి ఆయన రెండు చేతులతో ఇనుముకు అదిమి పట్టుకున్నారు. ఎంత అదిమినా అది ఇనుము మీద టకటకలాడుతూనే ఉంది. ఇంట్లో రోజూ వినే సాసరు చప్పుడే అది. ఊడాలని ప్రార్థించిన నోటితోనే, ప్రభువా, ఊడకూడదు అనుకున్నాను. కొబ్బరిచిప్పలోంచి ముక్క ఊడదీయడానికి తట్టినంత మెల్లగా తట్టాను.

ఠక్కుమంది. కీలు పట్టు వదిలి నట్టు మీద వేలాడింది.

స్తోత్రం అంటారేమోనని చూశాను. అనలేదు.

"మీ దెబ్బలకే వదులైపోయి ఉందండీ. నేను ఊరికే తాకానంతే," అన్నాను. అదే నిజమేమో కూడా, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన నట్టు విప్పి, కీలును బయటికి లాగి, గుడ్డతో కాడ తుడిచారు. బిగుసుకున్న చోట ఇనుము నున్నగా మెరిసింది. దాని మీద వేలు రాసి, వేలు చూసుకున్నారు.

"తుప్పు లేదు," అన్నారు.

జేబులోంచి కారు తాళాలు తీసి నా ఒళ్లో పెట్టారు. పెట్టి, "ఇందాక నీ వేలికి తగల్లే గదా?" అని అడిగారు.

తగల్లేదన్నాను. తాళాలు ఆయన చెమటకు తడిసి ఉన్నాయి. నాకు కారు నడపడం రాదు.