రెండు పటాల నడుమ అవ్వ

నా చిన్నప్పుడు, వేరుశనగ చేలు మొలక దాటకముందే మాడిపోయిన ఒక ఏడాది, మా మేనమామ కెమెరా భుజాన వేసుకుని మా ఊరికి వచ్చాడు. ఆయన కదిరిలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. అక్కడ కొలను, హంసలు గీసిన తెర ఒకటి ఉండేది. దాని ముందు కూర్చుని ఫోటో దిగినవాళ్ళలో హంసను కళ్ళారా చూసినవాడు ఒక్కడూ ఉండడని ఆయన నవ్వేవాడు. ఆ తెరకు ఎదుటి గోడ మీద మా నేలను ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఉన్నదున్నట్టుగా తగిలించాలన్నది ఆయన కోరిక. అంత వెడల్పు ఒక్క పటంలో పట్టదు కనుక, ముక్కలుగా తీసి అతికించాలనుకున్నాడు.

పటాలు తీయడానికి మామ ఊరి పక్క గుట్టెక్కిన రోజు ఉదయమే పక్కింటి అక్క వాళ్ళ అవ్వ కనిపించకుండా పోయింది. అవ్వకు మతి నిలకడగా ఉండేది కాదు. ఎన్నడో చచ్చిపోయిన ఆవును వెతుక్కుంటూ బయలుదేరేది. తల్లి లేని అక్కను పెంచింది ఆమే. ఊరివాళ్ళు బావుల వైపు, రోడ్డు వైపు వెతకబోయారు. గుట్ట మీది నుంచి నాలుగు దిక్కులూ కనబడతాయని అక్క మాతో వచ్చింది.

మేము పైకి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. కింద ఎర్రటి నేల మీద లేని నీళ్ళు పారుతున్నట్టు ఎండ మెరుస్తోంది. ఆ వేళప్పుడు బయలులో ఒంటరిగా ఏదైనా ఆకారం కనబడితే చూపు తిప్పుకోవాలని, పిలిస్తే పలకకూడదని మా వైపు పెద్దలు చెప్పేవారు. చెప్పడమే కాదు, వాళ్ళూ పాటించేవారు.

మామ స్టాండు నిలిపి, కెమెరా మట్టంగా బిగించి, నాకు పని చెప్పాడు. "పాపా, ఇప్పుడు చూసిన దాంట్లో కొంచెం మళ్ళీ చూడల్ల. ల్యాకుంటే అతుకు కుదరదు." ఒక పటం తీసేముందు దాని కుడి అంచున ఏముందో నేను చూసి చెప్పాలి. తరువాతి పటంలో ఆ గుర్తు ఎడమ అంచుకు వచ్చేలా ఆయన కెమెరా తిప్పుతాడు. మొదట ఒక తుమ్మచెట్టు చెప్పాను. తరువాత ఒక నల్లరాయి. ఆ తరువాత, దూరంగా నిలబడిన ఒక తెల్లటి ఆకారం.

మామ పటం తీశాడు. రీలు తిప్పి, కెమెరా జరిపి, కన్నంలోంచి చూశాడు.

"ఏదే నీ గుర్తు?"

నేను చూపిన చోట ఏమీ లేదు. నేల మాత్రమే వణుకుతోంది.

"మనిషి మాదిరి ఉన్నింది మామా."

అక్క ముఖం పాలిపోయింది. "నేనూ చూసినా. దానికి కాళ్ళు ల్యావు. మనం ఎక్కినప్పటి నుంచీ ఆడనే ఉన్నింది. అందుకే నేను ఆ పక్క చూడలే. నువ్వూ చూడాకు మామా."

మామ కెమెరా వదిలి నిటారుగా నిలబడ్డాడు. "ఏం మనుషులమ్మా మీరు! ఎండమావిలో కాళ్ళు యాడ కనబడతాయి? దయ్యమైతే నిలబడే ఉంటాది. పడిపోయేది మనిషే!"

ఆ మాట పూర్తికాకముందే అక్క గుట్ట దిగి పరుగెత్తుతోంది.

ఎండిన వంక గట్టు మీద అవ్వ బోర్లా పడి ఉంది. పెదవులు పగిలి, చీరంతా దుమ్ము. అక్క ఆమెను ఒళ్ళోకి తీసుకుంది. మామ సీసాలోని నీళ్ళు చుక్కచుక్కగా నోట్లో పోశాడు. చాలాసేపటికి అవ్వ కళ్ళు తెరిచింది.

"చెయ్యెత్తి పిలుచ్చాంటే మొగం తిప్పుకుంటివి గదే," అంది అక్కతో.

అవ్వకు సొంత ఇంటి గడప కూడా సరిగా ఆనేది కాదు. అంత దూరం నుంచి, అంత ఎత్తున ఉన్న మనవరాలి ముఖం ఆమెకు ఎలా కనబడిందో నాకు నేటికీ తెలియదు. అవ్వను మోసుకుని వస్తుంటే, చేలో కంపలు కొడుతున్న ఒకాయన తలగుడ్డ తీసి, "మేమూ పొద్దున్నుంచి చూచ్చానే ఉన్నామన్నా. కాళ్ళు ల్యాకుంటే ఇంగేమనుకుంటాం?" అన్నాడు. మంచంపట్టినా అవ్వ బతికింది.

తరువాత మామ పటాలు కడిగించి తెచ్చి, మా ఇంటి అరుగు మీద పరిచాడు. రెండు పటాలు కలిసేచోట అదే నేల రెండుసార్లు ఉంది: ఒకదానిలో చెయ్యెత్తిన సన్నని తెల్లటి గీత, రెండోదానిలో వట్టి నేల. ఏది పైన పెడితే అదే మిగులుతుంది. ఆయన బంక రాయబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "అవ్వ ఉన్నేది పైన పెట్టు మామా." మామ అలాగే పెట్టాడు. ఆ ఒక్క అంచుకు మాత్రం బంక రాయలేదు. అక్క దానిని వేలితో ఎత్తి, కింది పటంలోని వట్టి నేలను చూసి, మళ్ళీ మూసింది.

నేను పెద్దదాన్నయి, చదువుకుని, చాలా ఊళ్ళు తిరిగాను. నేడు చేతిలోని ఫోనే పటాలను అతుకు కనబడకుండా కలిపేస్తుంది. అయినా దారిలో ఎవరినైనా చూసి భయంతోనో, ఏవగింపుతోనో ముఖం తిప్పుకున్నానని తెలిసిన క్షణంలో నా కాళ్ళు ఆగిపోతాయి. వెనుదిరిగి, చూసిన చోటునే మళ్ళీ చూస్తాను, ఆ మనిషి ఇంకా నిలబడి ఉన్నాడా అని.