గాజుపలక

నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో గట్లు నిలుస్తాయో కూలతాయో చూసే పని ఆయనది. పొద్దున్నే గట్టు మీద బోర్లా పడుకుని, పగులుకు అడ్డంగా సిమెంటుతో అతికించిన గాజుపలకను చూస్తాడు. అది విరిగితే గట్టు కదిలినట్టే. ఇంట్లో గోడ బీటకూ ఒకటి అతికించాడు. "మనిల్లేమైనా గనా?" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. ఆయన మాట మెత్తన, నడక మెత్తన. గట్టిగా తుమ్మనైనా తుమ్మడు.

ఆ రోజు పలక రెండు ముక్కలై ఉంది. అరుచుకుంటూ కిందికి పరుగెత్తాడు. అందరూ బయటికి ఉరికారు గానీ, గట్టు కింద తవ్వే యంత్రంలో కూర్చున్న బావమరిది కదల్లేదు. "చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడతావు బావా! ఈ ఒక్క లారీ నింపి వస్తా," అని నవ్వాడు. ఆయన యంత్రం పైకెక్కి ఆ నవ్వు మీదే గుద్దాడు. పన్ను ఊడింది, నెత్తురు చిమ్మింది. ఇంకోటి గుద్ది, జుట్టు పట్టి కిందికి లాగి, రాళ్ల మీద ఈడ్చుకుపోయాడు. వాళ్లు మలుపు తిరిగారో లేదో, గట్టు విరుచుకుపడి యంత్రాన్ని రేకు డబ్బాలా నలిపేసింది. సాయంత్రం భార్య వీరంగం వేసింది. "నా తమ్ముణ్ణి గొడ్డును బాదినట్టు బాదతారా?" వాచిన మూతితో తమ్ముడే అడ్డొచ్చాడు. "ఊరుకో అక్కా. తలకొచ్చింది పన్నుతో పోయింది." ఆయన మాత్రం బిగుసుకున్న కుడి పిడికిలి ఇంకా విప్పలేక, ఎడమచేత్తో గోడ మీది గాజుపలకను తడుముతున్నాడు.