రెండో పొట్లం

ఈ మాట నాలో ఎన్నేళ్ళ నుంచో ఉంది. మనసులో బరువు అంటారు కదా, నాది బరువు కూడా కాదు. గొంతులో ఇరుక్కున్న చేప ముల్లు. అన్నం తింటే తగలదు, నీళ్ళు తాగితే తగలదు, ఎవరైనా నన్ను మంచిదని అన్నప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంతకాలం ఎందుకు దాస్తాను? నా పేరు అడగకండి. సిద్దిపేటలో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకదాన్ని అనుకోండి.

మాది కల్లుగీసే ఇల్లు. మామతోనే ఆ పని ఆగిపోయింది. నా భర్త చిన్న దుకాణం పెట్టాడు, మరిది ఏసీలు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఒకే ఇల్లు, రెండు వాటాలు, మధ్యలో ఒకటే వాకిలి. మరిది భార్య నా యారాలు, అంటే తోడికోడలు. ఇక్కడ ఆమెను స్వరూప అంటాను. అసలు పేరు వేరే.

స్వరూప చదువుకున్నది. బస్టాండు దగ్గర ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేసేది. పొద్దున్నే తెల్లకోటు ఉతికి మా ఇద్దరి తీగ మీద ఆరేసేది. ఆ కోటును చూస్తే నాకు ఒళ్ళు మండేది. నవ్వకండి. కోటు నన్నేం చేసింది? ఏమీ చేయలేదు. గాలికి ఊగుతూ ఉండేది, అంతే. కానీ దాని పక్కన ఆరే నా చీర వెలిసిపోయినట్టు కనబడేది. వీధిలో వాళ్ళు షుగరు కాగితాలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవారు, నన్ను దాటుకుని ఆమె గుమ్మం దగ్గరికి పోయేవారు. మా అత్త మొదటి చాయ్ ఆమెకే పోసేది, డ్యూటీకి పోయే పిల్ల కదా అని. నేను పొద్దంతా మిషన్ తొక్కితే అది డ్యూటీ కాదా? అడగలేదు. అడిగి ఉంటే నా కడుపులోది కొంత బయటికి పోయేదేమో.

స్వరూప నాకు ఏ కీడూ చేయలేదు. ఇది ముందే రాసి పెడుతున్నాను. చివర్లో నన్ను నేను వెనకేసుకొస్తానేమోనని భయం.

అలాంటి రోజుల్లో ఆమెకు హైదరాబాద్ నుంచి ఉద్యోగం వచ్చింది. గచ్చిబౌలి వైపు ఒక పెద్ద దవాఖాన ల్యాబులో. జీతం ఇక్కడికంటే చాలా ఎక్కువ. ఇంట్లో అందరూ ముందు సంబరపడ్డారు, తర్వాత కిరాయిలు కనుక్కున్నారు. అక్కడ ఒక గది, వంటిల్లు తీసుకునే కిరాయికి మా సిద్దిపేటలో మేడ ఇల్లే దొరుకుతుంది. పాలు, వాళ్ళ పాప బడి ఫీజు, రాకపోకల ఖర్చు, అన్నీ లెక్క వేస్తే జీతం వచ్చింది వచ్చినట్టే పోయేలా ఉంది. దూరంగా తక్కువ కిరాయికి ఉందామంటే రాత్రి డ్యూటీలు. ఒకరోజు పోదామనేవారు, మర్నాడు వద్దనేవారు. మరిది మాత్రం, "ఆడ ఇంటికి నాలుగు ఏసీలుంటయి, నాకు పని తక్కువైతదా?" అనేవాడు. అది నిజమే. కష్టపడితే గడిచేది. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. ఎందుకంటే వాళ్ళు వేసుకున్న ప్రతి లెక్కనూ మిషన్ ఆపి మరీ విన్నాను.

ఇంక స్వరూప తటపటాయించడానికి మరో కారణం ఉంది. తొగుట అవతల ఆమె అవ్వగారి ఊరు, అంటే పుట్టింటివాళ్ళ ఊరు, మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్ళ కింద పోయింది. ఒక సాయంత్రం నా మిషన్ పక్కన కూర్చుని, కత్తిరింపు ముక్కలు ఏరుతూ అడిగింది.

"అక్కా, నువ్వైతే ఏం జేస్తవు?"

"నాకేం తెలుస్తది? సదువుకున్నదానివి నువ్వు."

"ఒక ఊరు నీళ్ళల్ల పోయింది. ఈ ఊరు నా అంతట నేనే ఇడిచిపెట్టి పోతున్ననేమో అనిపిస్తది. పోకుంటే గిట్లనే ఉండిపోతనేమో అని గదొక భయం. నువ్వు పొమ్మంటే పోత అక్కా."

నువ్వు పొమ్మంటే పోత. అంత పెద్ద మాట ఆ ఇంట్లో నాకు ఎవరూ ఇవ్వలేదు. పో అని ఒక్క అక్షరం అంటే సరిపోయేది. కానీ అప్పటికే నా కళ్ళ ముందు ఆమె లిఫ్టు ఉన్న ఇంట్లో తిరుగుతోంది. బతుకమ్మకు కారులో దిగి, తాను కట్టి విడిచిన చీరలు నాకు ఇస్తోంది. నేను మురిసిపోయినట్టు తీసుకుంటున్నాను.

"ఎల్లమ్మనే అడుగుదాం తియ్యి" అన్నాను.

మా ఇంట్లో అది పాత పద్ధతి. ఎటూ తేలని సంగతి వస్తే ఎల్లమ్మకు పూలు పెట్టి అడుగుతారు. ఒక ఎర్ర గన్నేరు, ఒక తెల్ల గన్నేరు. రెండూ ఒకే సైజువి చూసి తెంపాలి. చేతికి తేడా తెలియకుండా ఒక్కోదాన్ని మోదుగాకులో చుట్టి దారంతో కట్టాలి. తలస్నానం చేసి కట్టవలసింది పెద్ద కోడలు. అడిగేవాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. ఎర్రది వస్తే పొమ్మని, తెల్లది వస్తే ఆగమని. రెండో పొట్లం విప్పకూడదు. అమ్మ చెప్పని మాట మనం చూడకూడదని అత్త అనేది. దాన్ని అలాగే గన్నేరు మొదట్లో పూడ్చిపెట్టాలి.

ఆ మంగళవారం తలస్నానం చేసి, కిటికీ పక్కన ఎర్రది, తెల్లది కలిసి పెరిగిన గన్నేరు చెట్ల దగ్గరికి పోయాను. ముందు తెల్లది తెంపాను. తర్వాత ఎర్రది కూడా తెంపాను. నిజం, తెంపాను. ఆ క్షణం వరకు నా చేతికి వేరే ఆలోచన ఉందో లేదో నాకే తెలియదు. ఇన్నేళ్ళుగా దాన్నే తవ్వుకుంటున్నాను. ముందే అనుకుని పోయానా? ఎల్లమ్మను అడుగుదామని అన్న సాయంత్రమే అనుకున్నానా? లేక అప్పుడే పుట్టిందా?

కిటికీలోంచి అత్త గొంతు వినబడింది. స్వరూపకు తల దువ్వుతోంది. "పట్నం పోతే నన్ను మర్సిపోతవా బిడ్డా?" అంటోంది. స్వరూప నవ్వింది.

నన్ను అత్త ఎన్నడూ బిడ్డా అనలేదు. ఆమె నాకు తల దువ్వుతుండగా నేను ఎన్నడూ కూర్చోలేదు. నాకు అది కావాలని కూడా అంతవరకు తెలియదు. ఎర్రపువ్వును నడుము దగ్గర చీరలో దోపుకున్నాను. ఇంకో తెల్లపువ్వు తెంపాను. రెండు ఆకుల్లోనూ తెల్లవే పెట్టి నా మిషన్ దారంతో కట్టాను. ముడులు చక్కగా పడ్డాయి. చేయి వణకలేదు. వణికి ఉంటే ఇవాళ రాసుకోవడానికి ఆ మాటైనా ఉండేది.

స్వరూప కళ్ళు మూసుకుంది. చేయి ముందు ఒక పొట్లం మీద ఆగింది, మళ్ళీ మనసు మార్చుకుని రెండోదాని మీదికి పోయింది. ఆ మనసు మార్చుకోవడం చూస్తూ నిలబడ్డానే, నేనెలాంటి మనిషిని? విప్పింది. తెల్లపువ్వు. ఆమె ఏడవలేదు. పువ్వును కళ్ళకద్దుకుని తలలో పెట్టుకుంది. రెండో పొట్లం నేనే తీసుకుపోయి చెట్టు మొదట్లో పూడ్చాను. నడుముకు అంటుకుని నలిగిన ఎర్రపువ్వును కత్తిరింపు ముక్కల సంచిలో పడేశాను.

ఆ తర్వాత నాకు హాయిగా ఉందా? కొన్నాళ్ళు ఉంది. అదీ చెప్పాలి. తెల్లకోటు మళ్ళీ అదే తీగ మీద ఆరుతుంటే, ఇక్కడే ఉన్నావు కదా అనుకునేదాన్ని.

కానీ కుళ్ళుకు కడుపు నిండదని అప్పుడే తెలిసింది. ఎల్లమ్మ మాటకు అంత పెద్ద ఉద్యోగం వదులుకున్నదని అత్త వీధంతా చెప్పింది. ఇంటి పద్ధతి తెలిసిన పిల్ల అని చుట్టాలంతా పొగిడారు. నేను చేసిన పనికి పేరు కూడా ఆమెకే పోయింది! దానికీ కుళ్ళుకున్నాను. నవ్వొస్తే ఇప్పుడు నవ్వండి.

మరిదికి ఇక్కడ పని సరిగ్గా దొరకలేదు. చివరికి అతనొక్కడే హైదరాబాద్ పోయాడు, నలుగురితో కలిసి గదిలో ఉంటూ ఆదివారాలు వచ్చేవాడు. ఆదివారం సాయంత్రం అతను బస్సెక్కి పోయాక స్వరూప వాకిట్లో ఊరికే నిలబడి ఉండేది. నేను మిషన్ ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. ఆ కిరాయిలు వాళ్ళెలా కట్టేవారు, నేను చేసింది ఒకందుకు మంచిదేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. మంచే చేస్తే ఎర్రపువ్వును ఎందుకు దాచాను?

అత్త పోయింది. తెల్లకోటు అదే కేంద్రంలో, అదే బల్ల దగ్గర ఉంది. ఈ ఏడాది స్వరూప కూతురికి హైదరాబాద్‌లోనే ఉద్యోగం వచ్చింది, అప్పటికంటే ఖరీదైన చోట. మళ్ళీ కిరాయిల మాటలు, మళ్ళీ లెక్కలు. స్వరూప నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పొట్లాలు నువ్వే కట్టాలె. అప్పుడు గూడ నువ్వే కడితివి. నీ చేతిల కపటం లేదు."

చేప ముల్లు అని ముందే చెప్పాను కదా.

చెట్టు దగ్గరికి పోయాను. తండ్రి పెట్టిన దుకాణంలోనే నా కొడుకు కూర్చుని గిరాకీ కోసం చూస్తున్నాడని గుర్తొచ్చింది. ఆ పిల్ల కూడా లిఫ్టులో ఎక్కి పోతుందని గుర్తొచ్చింది. ఈ వయసులో కూడా! చేయి తెల్లపూల కొమ్మ మీదే కాసేపు ఉంది. కానీ ఈసారి ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది కట్టాను. దీన్ని గొప్పగా చెప్పడం లేదు. దొంగ ఒకరోజు దొంగతనం మానితే దానికెవరూ దండ వేయరు.

పిల్ల కళ్ళు మూసుకుని తీసింది. తెల్లది వచ్చింది.

స్వరూప ముఖం అచ్చం ఆ మంగళవారంలా అయింది. పిల్ల మాత్రం నవ్వి, చేయి చాపి రెండో పొట్లం దారం కూడా లాగేసింది. మా అత్త ఉంటే వీపు పగలగొట్టేది.

"అమ్మా, ఇగో ఎర్రది గూడ ఉంది. పొమ్మన్న మాట గూడ ఎల్లమ్మ దగ్గర్నే ఉన్నది. నేను దీన్నే ఇంటున్న. పెద్దమ్మా, ఏమంటవ్?"

"పో బిడ్డా" అన్నాను. ఆ రోజు తల్లికి చెప్పవలసిన మాట కూతురికి చెప్పాను.

స్వరూప ఎర్రపువ్వును చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అక్కా, అప్పుడు మనం రెండోది ఇప్పి సూడలే గదా?"

"లేదు" అన్నాను.

"సూడాల్సుండె" అంది. లేచి పిల్ల బట్టలు సర్దడానికి లోపలికి పోయింది.

ఆమెకు తెలిసిందా? తెలియదు. నాకు తెలియదు. నిన్న కూడా గిన్నెలో చింతచిగురు పప్పు తెచ్చి నా మిషన్ మీద పెట్టి పోయింది. తెలిసినవాళ్ళు పప్పు తెస్తారా? తెలిసినా తెచ్చే మనిషా ఆమె? అదే నిజమైతే, దేవుడా, దానికి కూడా నేను కుళ్ళుకుంటాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు పోగొట్టుకున్నదేమీ లేదు, మీ క్షమ నాకెందుకు? ఎర్రపువ్వు పట్టుకుని స్వరూప అడిగిన మాటకు నేను లేదు అని మాత్రమే అన్నాను. అది అబద్ధం కాదు, జవాబు కూడా కాదు. జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచానే కానీ ఇలా ఒక్కసారి కూడా పిలవలేదు, ఇక్కడ పిలుస్తాను.

చెల్లె, రెండోది గూడ తెల్లదే పెట్టిన.