సూర్యప్రకాశరావు గారి సైకిలు జాగ్రత్తలు

అశోక్‌నగర్‌లో మా సూర్యప్రకాశరావు గారంత జాగ్రత్తగా సైకిలు తొక్కే మనిషి లేడు. సైకిలు మీదనుంచి ఆయన పడ్డన్ని సార్లు పడ్డ మనిషీ లేడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నది మా వీధిలో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

ఆయన ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసేవారు. యాభైయారులో కర్నూలు నుంచి ఆఫీసుతో పాటే హైదరాబాదు వచ్చారు. పొద్దున్న ఆయన ఉద్యోగానికి బయల్దేరడం చూడవలసిన తతంగం. ముందు రెండు చక్రాల్లోనూ గాలి ఎంతుందో బొటనవేలితో నొక్కి చూసేవారు. తరవాత వెనక బ్రేకు, ముందు బ్రేకు, గొలుసు. పాంటు గొలుసులో పడకుండా కాళ్లకు క్లిప్పులు. చివరికి గంట. ఆ గంట మోగిందంటే వీధిలో ఆడవాళ్లు పొయ్యి మీంచి అన్నం దించేవారు.

"పక్కకు జరగండమ్మా, విమానం బయల్దేరుతోంది" అనేవారు గుమ్మంలోంచి ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు.

"బ్రేకు చూసుకోనివాడు దేన్ని నమ్ముకుని రోడ్డెక్కుతాడు సుందరీ?"

"మీలాగే. నేలను నమ్ముకుని."

తన జాగ్రత్త తన దగ్గరే ఉంచుకుంటే ఆయన గురించి ఎవరూ చెప్పుకునేవారు కాదు. కొత్తగా సైకిలెక్కినవాణ్ని ఆయన వంద గజాల దూరంనుంచే పోల్చుకునేవారు. వాడి భుజాలు బిగుసుకుని ఉంటాయి, చూపు ముందు చక్రం మీద ఉంటుంది. మరుక్షణం ఈయన వాడి పక్కన ఉండేవారు.

"బాబూ, చక్రం ఎక్కడికీ పారిపోదు. దాన్ని చూడకు, దూరంగా చూడు. గేదెను చూశావంటే గేదె దగ్గరికే పోతావు. గేదె పక్కన సందును చూశావంటే సందులోంచి పోతావు."

దీనివల్ల కష్టమంతా దాసయ్యకు వచ్చింది. దాసయ్యది పాలమూరు వైపు. చిక్కడపల్లిలో సైకిళ్లను గంటల లెక్కన కిరాయికిచ్చే చిన్న దుకాణం నడిపేవాడు. ఒకరోజు నా ముందే ఆయన్ని నిలబెట్టి అడిగాడు.

"సార్, జర నా మాట ఇనుండ్రి. గంటకని సైకిల్ తీస్కపోతరు. అర్ధగంట మీరే ఆపి ముచ్చట జెప్తరు. వాపసొచ్చి నాతోని లొల్లి. తొక్కనే లేదు, కిరాయి ఏంది అంటున్నరు."

"ఆ అర్ధగంటా వాళ్ల కాళ్లు విరగలేదు కదా దాసయ్యా?"

"కాళ్లు ఇరగలె సార్. నా దందా ఇరిగింది."

ఇంతా చెప్పి, ఆ తరవాత ఆయన పడేవారు.

లైబ్రరీ ముందు పడ్డారు. నారాయణగూడ చౌరస్తాలో పోలీసు చెయ్యి చాచి నిలబడి ఉండగా అతని బూట్ల దగ్గర పడ్డారు. మెయిన్ రోడ్డు మీద కొత్తిమీర గంప పక్కన పడ్డారు. గంపకు ఏమీ కాలేదు. పడటం కూడా సాదాసీదాగా ఉండేది కాదు. ముందు "అయ్యయ్యో" అని ఒక కేక పుట్టేది. ఆ కేకకు జనమంతా తల తిప్పి, తిన్నగా నిలబడి, చూడటానికి సిద్ధమయ్యేంత వ్యవధి ఉండేది. అప్పుడు ఆయన సైకిలుతో సహా ఒరిగేవారు. నలుగురూ పరిగెత్తుకొస్తే నేలమీద కూర్చునే పాఠం మొదలుపెట్టేవారు.

"చూశారా, వెనక బ్రేకు మరిచిపోయి ముందుది గట్టిగా పట్టుకుంటే ఇదీ సంగతి."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇన్ని తెలిసినవారు మీరెందుకు పడతారు బాబాయిగారూ?"

"తెలియడం వేరు, తొక్కడం వేరోయ్" అన్నారు మోచెయ్యి దులుపుకుంటూ.

మా అక్క రత్నమాల ఆయనకు శిష్యురాలైంది అరవైతొమ్మిదిలో. ఆ ఏడాది ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు. కాలేజీలు మూసేశారు. మాలాగా కోస్తానుంచి వచ్చినవాళ్లలో కొందరు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. మా అమ్మానాన్నా లేరు. రామచంద్రపురంలో ఉన్న మా పెదనాన్న మమ్మల్ని కూడా వచ్చెయ్యమన్నాడు. అక్కడికి వెళితే అక్క చదివిన నర్సు చదువు ఆయన ఇంటి వంటగదిలో కలిసిపోతుందని మా ఇద్దరికీ తెలుసు. నా చదువు ఇంకా పూర్తికాలేదు. అక్కకు ఇక్కడ ఉద్యోగం దొరికితే ఉంటాం, దొరకకపోతే వెళతాం. అంతే సంగతి.

ఉద్యోగం దొరికింది గాని, దానికి రెండు చక్రాలున్నాయి. నారాయణగూడ అవతల ఒక ప్రసూతి కేంద్రంలో డాక్టరమ్మ అక్క కాగితాలన్నీ చూసి, కళ్లజోడు తీసి, ఒకే మాట అడిగిందట.

"సైకిలు వచ్చా?"

"నేర్చుకుంటానండీ."

"బస్తీల్లో బాలింతలను ఇళ్లకు వెళ్లి చూడాలమ్మా. రిక్షా కోసం నిలబడితే బిడ్డ ఆగదు. వచ్చే నెల మొదటి సోమవారం సైకిలు మీద రా. రిక్షాలో అయితే మాత్రం రావద్దు."

అక్కకు ఇరవైయేడేళ్లు. అంతవరకు సైకిలు గంట కూడా ముట్టుకున్న మనిషి కాదు. ఈ కబురు విని సూర్యప్రకాశరావు గారి ముఖం కొత్త పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. దాసయ్య కూడా తన దుకాణంలో ఉన్న ఒక్క ఆడవాళ్ల సైకిలును నూనె పెట్టి ఇచ్చాడు.

"ఏడికి పోతవక్కా ఊరిడిసి. మంచిగ నేర్చుకో. గని సార్ లెక్క నేర్చుకోకు" అన్నాడు.

మొదటి రోజు బాబాయిగారు అక్కను సైకిలెక్కనివ్వలేదు. పక్కన పట్టుకుని వీధి చివరిదాకా నడిపించమన్నారు.

"ఇదేమిటి బాబాయిగారూ, మేకను తోలుకెళ్తున్నట్టుంది."

"దాని బరువు నీ చేతులకు తెలియాలమ్మాయ్. తెలియని బరువే మనిషిని పడేస్తుంది."

మర్నాడు రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించి, తొక్కకుండా కాళ్లతో నేలను తోసుకుంటూ పొమ్మన్నారు. అది కుదిరాకనే కాళ్లు పెడలు మీదికి వెళ్లాయి. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పని నాది. ఆయన తన సైకిలు మీద పక్కనే వస్తూ పాఠం చెప్పేవారు.

"పమిట నడుముకు దోపు. కుచ్చిళ్లు చీలమండ పైకుండాలి, గొలుసుకు చీరంటే ప్రాణం. బ్రేకు నిమ్మకాయ పిండినట్టు మెల్లగా పిండాలి, దొంగను పట్టుకున్నట్టు కాదు. ఆగి ఉన్న రిక్షాకు చెయ్యంత దూరం ఉండు. అందులోంచి ఎవరు ఎటు దూకుతారో దేవుడికి కూడా తెలియదు. తిరిగే ముందు వెనక్కి చూడు, తరవాత చెయ్యి చూపు, ఆ తరవాత తిరుగు. చెయ్యి చూపి వెనక్కి చూసినవాళ్లు ఆస్పత్రిలో ఉన్నారు."

నాలుగోనాడో ఐదోనాడో లైబ్రరీ ముందు అక్క పడింది. మెట్ల మీద పేపరు చదువుకునే పెద్దమనుషులు ఓ పదిమంది ఉన్నారు. అందులో ఒకాయన పేపరు దించాడు.

"ఆడామెకు సైకిల్ ఏందయా. ఇంట్ల చెప్పెటోళ్లు లేరా?"

మిగతావాళ్లు నవ్వారు. అక్క లేచి చీర దులుపుకుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంటికి పోదాం పదరా. నావల్ల కాదు" అంది నాతో.

సరిగ్గా అప్పుడే వెనక "అయ్యయ్యో" అని వినిపించింది.

తిరిగి చూస్తే సూర్యప్రకాశరావు గారు సైకిలు కింద ఉన్నారు. ఒక కాలు ఫ్రేములోంచి ఇవతలికి వచ్చింది. గంట ఇంకా మోగుతోంది.

"అగో, సారు మల్ల పడ్డడు!" అని పేపరాయన మెట్లు దిగి పరిగెత్తాడు. అందరూ ఆయన వెనకే పోయారు. అక్క సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆయన కాలును ఫ్రేములోంచి ఎటు తియ్యాలన్నదాని మీద వాళ్లలో వాళ్లకు వాదన వచ్చింది. అక్క చూసి చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే మళ్లీ సైకిలెక్కింది.

అప్పటినుంచి అదొక వరస అయింది. అక్క పడితే ఆయన పడేవారు, అక్క పడీపడీ నవ్వి మళ్లీ ఎక్కేది. శిష్యురాలి జబ్బు గురువుకు అంటుకుందనుకున్నాను నేను. బాలత్రిపురసుందరి గారి అభిప్రాయం కూడా అదే.

"ఆ పిల్లకు రావడం మాటేమో గాని, ఈయనకు వచ్చింది కూడా పోతోంది" అనేవారు మోచేతికి టింక్చరు అద్దుతూ. "అబ్బా, కదలకండి. రోడ్డు మీద కదలాలి, ఇక్కడ కాదు."

సోమవారం వచ్చింది. అక్క తెల్లచీర కట్టుకుంది. బాబాయిగారు అక్క సైకిలుకు కూడా గాలి, బ్రేకులు, గొలుసు అన్నీ చూసి, అక్కను కూడా తలనుంచి పాదందాకా ఒకసారి చూసి, "పద. దూరంగా చూడు" అన్నారు. అక్క ముందు, ఆమె వెనక ఆయన, ఆయన వెనక కిరాయి సైకిలు మీద నేను.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు అంత రద్దీగా ఉంటుందని ఏ పాఠంలోనూ లేదు. ఆఫీసుల వేళ. రెండంతస్తుల బస్సు ఒకటి వెనకనుంచి హారను కొట్టింది. అక్క భుజాలు బిగుసుకున్నాయి. చూపు చక్రం మీదికి వెళ్లింది. ఎడమపక్క బత్తాయిల బండి ఉంది. దూరంగా చూడవలసిన అక్క ఆ బండిని చూసింది. నేరుగా దానికే వెళ్లి గుద్దుకుంది.

బత్తాయిలు రోడ్డంతా దొర్లాయి. బండివాడు లబోదిబోమన్నాడు. జనం మూగారు. అక్క రోడ్డు మీద కూర్చుండిపోయింది. తెల్లచీర మోకాలి దగ్గర చిరిగింది. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "జర పక్కకు జరుగుండ్రి, మేడమ్ విమానం దిగుతుంది" అన్నారు. అక్క తల ఎత్తలేదు. ఇక లేవదని నాకు అర్థమైంది. రిక్షా పిలవాలా, పిలిస్తే ఎక్కడికని చెప్పాలి అని ఆలోచిస్తూ నేను సైకిలు దిగాను.

అప్పుడు చూశాను సూర్యప్రకాశరావు గారిని. నాకు పది గజాల ముందున్నారు. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. వెనక బ్రేకు మెల్లగా పిండి, సైకిలును రోడ్డు పక్కకు తెచ్చి, కాలు నేలకానించి ఆగారు. హ్యాండిలుకు వేలాడుతున్న టిఫిను డబ్బా తీసి ఒక అరుగు మీద పెట్టారు. కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. తల తిప్పి వెనక్కి చూశారు. బస్సు పోనిచ్చారు. దారి ఖాళీ అయ్యాక ఎడమచెయ్యి చాచి, ఎడమకు తిరుగుతున్నట్టు పద్ధతిగా సైగ చేశారు.

"అయ్యయ్యో!" అన్నారు.

పడ్డారు.

నేను చూసినవాటన్నిటిలో అది గొప్ప పడటం. బత్తాయిల మధ్య ఆయన దొర్లిన తీరుకు బండివాడు కూడా తన ఏడుపు ఆపేశాడు. జనమంతా ఆయన మీదికి మళ్లారు.

"అరె, పెద్దాయన!" "నీళ్లు తేండ్రి!" "కాలు జూడుండ్రి, కాలు!"

"నా కాలు కాదు నాయనా, ముందు ఆ సైకిలు బ్రేకు చూడండి" అని ఆయన కింద పడుకునే పాఠం అందుకున్నారు.

ఇవతల అక్క లేచింది. హ్యాండిలు సరిచేసుకుంది. పమిట మళ్లీ నడుముకు దోపుకుంది. వెనక్కి చూసింది, చెయ్యి చూపింది, సాగిపోయింది. ఒక్కరూ గమనించలేదు.

జనం పలచబడ్డాక ఆయన్ని లేవనెత్తాను. మోచెయ్యి నిజంగానే గీరుకుపోయింది.

"బాబాయిగారూ, మీరు ఆగి పడ్డారు" అన్నాను.

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"కదులుతూ పడితే దెబ్బ తగులుతుందోయ్" అన్నారు. "ఎప్పుడైనా ఆగిన తరవాతే పడాలి. పద, బత్తాయిలు ఏరుదాం."

ప్రసూతి కేంద్రం వరండాలో నిలబడ్డ డాక్టరమ్మ, అక్క ఆగిన తీరు, చిరిగిన చీర రెండూ చూసిందట.

"దారిలో పడ్డావా?"

"పడ్డానండీ."

"మరి?"

"లేచి వచ్చాను."

"లోపలికి రా. ఆ మోకాలికి మందు రాసుకుని పని మొదలుపెట్టు" అందట.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగేదాకా కూడా ఆగలేకపోయాను. నేను చూసిందంతా చెప్పాను. ఆయన మనందరికంటే బాగా తొక్కుతారనీ, కావాలని పడుతున్నారనీ, ఇన్నాళ్లూ మనం మోసపోయామనీ చెప్పాను. అక్క ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి మోకాలి కట్టు సరిచేసుకుంది.

"నేను బాగా తొక్కిన రోజున ఆయన ఒక్కసారైనా పడ్డారట్రా?"

నేను ఆలోచించాను. పడలేదు.

"అంటే నీకు ముందే తెలుసా?"

"లైబ్రరీ దగ్గర పడ్డ మర్నాడే తెలిసింది."

"తెలిసీ ప్రతిసారీ అలా పడీపడీ నవ్వావేం?"

"బాగుంది" అంది అక్క. "ఆ వయసులో అంత కష్టపడి పడుతుంటే, నవ్వకుండా ఎలా ఉంటాంరా?"